దేవుడి గదిలో రాలిన ఆర్కిడ్ మొగ్గలు

మా కోడలు కవిత పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆర్కిడ్ రెండోసారి మొగ్గ తొడిగింది. మొదటిసారి వచ్చిన మొగ్గలు విచ్చకముందే పసుపు తిరిగి రాలిపోయాయి. ఈసారీ అదే మొదలైంది. "దాని చెయ్యే మంచిది కాదు" అని నా భార్య పక్కింటావిడతో అంది. కవిత విన్నది. "ఎవరికన్న ఇచ్చేస్త మామయ్యా" అని మొక్కను గడప బయట పెట్టేసింది. వారంవారం మా ఇంట్లో జరిగే భజనలో గ్రంథం విప్పి, నోటిమాటతో మనిషిని చంపొద్దని గొంతు చించుకునేవాణ్ణి నేను. నా ఇంట్లోనే ఈ మాటా! మర్నాడు పొద్దున్నే, హనుమకొండ నర్సరీలో చూపిద్దామని మొక్కనూ, దారిలో చదువుకోడానికి గ్రంథాన్నీ తీసుకుని నెక్కొండ స్టేషన్‌కు నడిచాను.

పొద్దుటి ప్యాసింజర్ ఎక్కితే సుమారు గంటలో వరంగల్ చేరవచ్చు. టికెట్‌కు పెద్ద ఖర్చేమీ లేదు. గ్రంథం తెరిచాను గానీ అక్షరం ఆనలేదు. ఎలుగూరు దాటకముందే ఒక మొగ్గ ఒళ్లో రాలింది. వరంగల్‌లో దిగి హనుమకొండకు షేర్ ఆటో ఎక్కాను.

"ఏం చెట్టు తాతా? పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవ్!" అన్నాడు డ్రైవర్.

"ఆర్కిడ్ తమ్మీ. జర మెల్లగ పో, మొగ్గలు రాలుతయి."

"ఆ మాట గుంతలకు చెప్పు తాతా!"

నర్సరీ నడిపే రజిత కుండీని ఎత్తి చూసింది. "వేర్లు పచ్చగున్నయి. నీళ్ల ఫికర్ లేదు. మొగ్గ వచ్చినంక జాగ మార్చిన్రా?"

"దిష్టి తగలద్దని మా ఇంటామె రెండుసార్లూ దేవుని గదిల పెట్టింది."

"ఆడ ఇంకేముంటయి?"

"సాంబ్రాణి పొగ. భక్తులు తెచ్చిన అరటిపండ్లు."

రజిత పకపకా నవ్వింది. "దొరికిండు దొంగ! పండు మాగేటప్పుడు ఒక గ్యాస్ వస్తది స్వామీ. అది తగిలితే మొగ్గ విచ్చుకోకముందే వాడుతది. పొగ గూడ అసొంటిదే. జాగ మార్చుడు గూడ మంచిది కాదు."

నాకు మండింది. "అయితే దేవునికి పండు పెట్టుడు తప్పా?"

"పండు పెట్టున్రి. చెట్టునెందుకు పెట్టిన్రు? దానికేం మొక్కున్నదా?"

ఇంటికి చేరేదాకా ఆగలేక అక్కడి నుంచే కవితకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టమని, అత్తాకోడళ్లిద్దరికీ అంతా చెప్పాను.

"అంటే చెయ్యి నాదే మంచిగ లేదా?" అంది నా భార్య, చిన్న గొంతుతో.

"చెయ్యి కాదత్తమ్మా, అరటిపండు" అంది కవిత. నవ్వింది. ఆమె నవ్వు విని చాలా రోజులైంది.

ఇది వరంగల్ ప్లాట్‌ఫారం మీద రాస్తున్నాను. బండి ఆలస్యం, కాలు నిలవడం లేదు. పసుపు తిరిగిన మొగ్గలు ఇక విచ్చవని రజిత చెప్పింది. మిగిలిన నాలుగింటికీ హామీ ఇవ్వలేదు. అవి విచ్చినా, విచ్చకపోయినా ఆ పిల్ల చేతిని ఇక ఎవరూ ఏమీ అనరు. రాలిన మొగ్గకు కారణం వెతకాల్సిన చోట మనిషిని వెతుకుతాం. ఈసారి భజనలో గ్రంథం ముందు పెట్టుకుని చెప్పబోయేది ఇదే. ఇంతలో ఒక పెద్దావిడ మాగిన సీతాఫలాల గంపతో పక్కన కూర్చుంది. కుండీ ఎత్తుకుని లేచాను. "ఏందయ్యా, నా పక్కన కూసుంటే పడదా?" అంది. ఆమెకూ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. మీరూ మొగ్గలున్న మొక్కతో బయలుదేరితే గాలి కొట్టకుండా పలచని గుడ్డ కప్పండి, పండ్ల పక్కన మాత్రం కూర్చోకండి.