చెరుకుతోటలో బాలింత

నా చిన్నప్పుడు బోధన్ పక్కన మా ఊళ్లో చెరుకు కోతలంటే పిల్లలకు పండగే. కూలీల వెంట తిరుగుతూ నోరు పుండయ్యేదాకా చెరుకు నమిలేవాళ్లం. ఆ ఏడు మా తోట కోత బాగా ఆలస్యమైంది, ఎండలు ముదిరిపోయాయి. చివరి మూల కోస్తుండగా ఒక్కసారిగా కేకలు. అందరూ వెనక్కి ఉరికారు. ఎండుటాకుల మధ్య తొడంత లావు కొండచిలువ చుట్ట చుట్టుకొని ఉంది.

కూలీల పెద్ద అప్పటికే గొడ్డలి అందుకున్నాడు. మేకపిల్లల్ని మింగే పామును వదలడమేమిటని అతని వాదం. చెత్తకు నిప్పు పెడితే అదే పోతుందన్నాడు మా తాతయ్య. ఇంతలో మా నాయనమ్మ ముందుకు వెళ్లింది. మనిషి పిడికెడు, గొంతు మాత్రం ఊరంత. వంగి చూసింది. ఇంతమంది అరుస్తున్నా ఆ పాము కదల్లేదు. చుట్టల సందులోంచి తెల్లగా గుడ్లు కనిపించాయి.

"గది బాలింత, కొడుకా! మీ ఇంట్ల బాలింత పండుకుంటే గిట్లనే గొడ్డలి వట్టుకొని పోతవా?" అంది. అతను గొడ్డలి కింద పెట్టేశాడు.

అంతటితో ఊరుకుంటే ఆమె మా నాయనమ్మ ఎందుకవుతుంది? ఇంటికి వెళ్లి పాత చీర, వేపరెమ్మలు తెచ్చింది. ఆ మూల చెరుకును కోయనివ్వకుండా, చుట్టూ గడలకు చీర కట్టి, పురిటింటి గుమ్మానికి కట్టినట్టే రెమ్మలు వేలాడదీసింది. పామును చంపబోయిన వాళ్లలో ఒక్కరూ ఆ రెమ్మలు దాటలేదు. పురిటింట్లోకి పరాయి మగవాళ్లు పోరు కదా! తాతయ్య సణుగుతూనే చెత్తనంతా దూరంగా మోయించి అక్కడ కాల్పించాడు.

నేను రోజూ నాయనమ్మ వెనక నిలబడి చీర సందులోంచి చూసేదాన్ని. తిండీ తిప్పలూ లేక ఆ తల్లి చిక్కిపోయింది గానీ గుడ్లను వదల్లేదు. పొద్దున్నే చలిజ్వరం వచ్చినట్టు వణికేది. గుడ్లకు వేడి తగలడానికే అట్లా వణుకుతుందని ఎన్నో ఏళ్లకు తెలిసింది. ఆ పాము మీద నాకు భయం పోయి గౌరవం పుట్టింది. తొలకరి పడ్డాక ఒక ఉదయం, పగిలిన గుడ్లలోంచి నిగనిగలాడే పిల్లలు గట్టు వైపు పాకిపోతూ కనిపించాయి. నాయనమ్మ చేతులెత్తి, "పోండ్రి బిడ్డా, సల్లగ బతుకుండ్రి" అంది.

ఇప్పుడు మా వైపు కొండచిలువ కనబడటమే గగనం. తోటలు తగ్గాయి, కనబడ్డ వాటిని కొట్టి చంపారు. ఈ మధ్య కాలువ పక్కన ఒకటి కనిపిస్తే కుర్రాళ్లు కట్టెలు పట్టుకొని గుమిగూడారు. అటవీశాఖకు ఫోన్ చేయించి, వాళ్లు వచ్చి దాన్ని క్షేమంగా తీసుకెళ్లేదాకా ఆ కట్టెలకు అడ్డంగా నిలబడ్డాను.

"గింత ధైర్యం ఏడికెల్లి వచ్చింది అత్తమ్మా?" అని మా కోడలు అడిగింది.

"నాదేం లేదు బిడ్డా, మా నాయనమ్మది" అన్నాను.