పాలు పోశాకే దీపం

నిన్న సాయంత్రం పాలు కాచి క్యానులో పోసుకుంటుంటే మా కోడలు వంటింటి గడప మీద నిలబడి, "ఏమత్తా, వీధంతా దీపాలు పెట్టేసినారు, మనింట్లో నూనె అయిపోయిందా ఏమి?" అని నవ్వింది. ఈ మధ్యే కాపురానికి వచ్చిన పిల్ల, దానికేం తెలుసు పాపం. సరిగ్గా ఆ మాటే, ఇంచుమించు ఆ నవ్వుతోనే, నా చిన్నతనంలో మా వీధివాళ్లు ఎదురింటి పెద్దమ్మను అనేవాళ్లు. కోడలికి చెప్పాను, మీకూ చెబుతాను. ఇలాంటివి నా ఈడువాళ్లతో చెప్పుకుంటే తప్ప నాకు తృప్తి ఉండదు.

మాది కణేకల్ వైపు ఒక మెట్ట ఊరు. కాలువ అల్లంత దూరంలోనే పారేది గానీ మా పొలాలు ఎత్తు మీద ఉండడంతో వాటికి చుక్క నీరు ఎక్కేది కాదు, కాలువ కింది ఊళ్లవాళ్లు వరి నాట్లు వేసుకుంటుంటే మేము మబ్బుల వైపు చూస్తూ కూర్చునేవాళ్లం, ఆ కాలువంటే నాకు ఇప్పటికీ కోపమే. నేను మూడో తరగతిలో ఉన్న ఏడు వానలు పూర్తిగా మొహం చాటేశాయి. చెనక్కాయ, అంటే వేరుశనగ పైరు ఊడలు దిగకముందే ఎండిపోయింది, పశువులకు వేయడానికి గడ్డి లేదు, ఎండిన చెనక్కాయ తీగల కట్టె లేదు. మా నాయన ఆవులను సంతకు తోలుకెళ్లి అమ్మి వచ్చి, ఆ పూట అన్నం ముట్టకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అదే అదను చూసుకుని వచ్చినట్టు నాకు విషజ్వరం వచ్చింది. ఎన్ని మాత్రలు మింగినా దిగలేదు. కణేకల్ నుంచి వచ్చిన డాక్టరు, అన్నం పెడితే పేగులు తట్టుకోవని, పాలలో నీళ్లు కలిపి కాచి తాపమని, అది కూడా లేకపోతే పిల్ల నిలవదని నాయనతో కుండ బద్దలు కొట్టినట్టు చెప్పి వెళ్లిపోయాడు. మా వీధిలో అప్పటికి పాలిచ్చే గొడ్డు మిగిలింది ఒక్క ఎదురింట్లోనే. వాళ్లది అంగడి నడుపుకునే ఇల్లు, ఉప్పు నుంచి కిరసనాయిలు దాకా ఊరంతా వాళ్ల దగ్గరే కొనేది. ఆ ఇంటావిడనే నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని, మా అమ్మ అక్కా అనేది.

వాళ్ల గేదె, మా మాటలో ఎనుము, పొద్దున ఇచ్చే పాలు దూడకూ, మంచాన పడిన మామగారికీ పోగా మిగిలేవి కావు. సాయంత్రం పాలు అడుగుదామంటే, అది మేత కోసం కాలువ గట్టు దాకా వెళ్లి చీకటి పడ్డాక గానీ ఇల్లు చేరేది కాదు. అప్పటికి ఇంట్లో దీపం పెట్టేసి ఉంటారు. దీపం పెట్టాక పాలు, పెరుగు, ఉప్పు గడప దాటితే వాటితోపాటు లక్ష్మి కూడా వెళ్లిపోతుందని మా వైపు గట్టి పట్టింపు. అడిగేవాళ్లూ అడగరు, ఇచ్చేవాళ్లూ ఇవ్వరు. మొదటి రోజు మా అమ్మ చెంబు పట్టుకుని వాళ్ల వాకిలి దాకా వెళ్లి, గూట్లో దీపం చూసి, నోరు తెరవకుండా వెనక్కి వచ్చేసింది. లోపల పిల్ల జ్వరంతో మూలుగుతున్నా ఆ మాట అడగలేకపోయింది చూడండి, మా వాళ్ల పట్టింపులు అట్లాంటివి. ఆ ఖాళీ చెంబును పెద్దమ్మ చూడనే చూసింది.

మర్నాడు వీధంతా దీపాలు పెట్టినా వాళ్ల ఇల్లు మాత్రం చీకటిగానే ఉంది. ఏమైందోనని మా అమ్మ వెళ్లి అడిగితే పెద్దమ్మ, "ఎనుము ఇంగా రాలేదు గదమ్మా. పాలు పిండి నీ చెంబులో పోసినాక పెడతాలే. లచ్చిందేవి యాడికి పోతాది, కొంచేపు వాకిట్లో నిలబడుకోనీ" అందట.

ఆ రోజు మొదలు నేను లేచి తిరిగేదాకా అదే వరస. అంగడివాళ్ల ఇల్లు మునిమాపు వేళ చీకటిగా ఉంటే వ్యాపారం దెబ్బతింటుందని పెద్దనాయన సణిగేవాడు. నూనె అమ్మేవాళ్ల ఇంట్లోనే నూనె లేదా అని వీధివాళ్లు వేళాకోళం చేసేవాళ్లు. మధ్యలో సంత దళారి వచ్చి ఎనుముకు బేరం పెడితే పెద్దనాయన సరే అనబోయాడట, ఆమె కొట్టంలోకి వెళ్లి గొడ్డుకు అడ్డంగా నిలబడి, బిడ్డ లేచి నడిచేదాకా దీన్ని కదిలించొద్దంది. అంగట్లో పిసినారి అని పేరుపడ్డ ఆ పెద్దనాయనే తరవాత ఊరూరా తిరిగి కట్టె మోపులు తెచ్చి దానికి వేశాడు. వాళ్లింట్లో వెలగకుండా మా అమ్మ కూడా మా ఇంట్లో దీపం పెట్టేది కాదు. నా మంచం వాకిలికి ఎదురుగా ఉండేది, అటు గూట్లో వెలుగు కనిపించిందంటే అమ్మ చెంబుతో వీధి దాటుతోందని లెక్క. ఇప్పటికీ ఎక్కడైనా సంధ్యదీపం చూస్తే నా నాలుక మీదికి పాల రుచి వస్తుంది.

టీచరుగా ఉద్యోగం వచ్చాక ఒకసారి ఆమెను చూడబోయి, కళ్లనీళ్లతో ఆ సంగతి ఎత్తాను. ఆమెకు గుర్తే లేదు! "పాలా? ఏమోనమ్మా. ఆ ఎనుము మాత్రం బలే తన్నేది" అని మోకాలు తడుముకుంది. ఇచ్చిన మనిషే మరిచిపోతే ఆ రుణం ఎవరికి తీర్చేది? చాన్నాళ్లు అదే బాధగా ఉండేది. అనంతపురంలో స్థిరపడ్డాక, పెద్దాసుపత్రి పిల్లల వార్డు బయట, పల్లెల నుంచి వచ్చిన తల్లులు ఖాళీ గ్లాసులు పట్టుకుని కూర్చోవడం చూశాను. ఆ మర్నాటి నుంచి సాయంత్రం పాలు కాచి తీసుకెళ్లడం మొదలుపెట్టాను. అవి పంచి ఇంటికి వచ్చాకే నా దీపం.

నిన్న కూడా అలాగే వెళ్లాను. తిరిగి వస్తుంటే వీధిలో ఏ ఇల్లు చూసినా ధగధగలే. మంచిదే, పాల ప్యాకెట్ ఏ వేళకైనా దొరుకుతుంది, స్విచ్ నొక్కితే వెలుగు, ఎవరి ఎనుము కోసమూ ఎవరూ కాచుకోనక్కర్లేదు. కానీ ఒక ఇల్లు చీకటిగా ఉంటే ఏమైందని వెళ్లి అడిగే రోజులు పోయాయి, ఏ ఇంట్లో బిడ్డకు ఒంట్లో బాగాలేదో పక్కింటికి కూడా తెలియడం లేదు. అలా అనుకుంటూ మలుపు తిరిగేసరికి మా ఇల్లు ఒక్కటే చీకటిగా కనిపించింది. గబగబా వచ్చి చూస్తే, కోడలు వాకిట్లో లైటు కూడా వేయకుండా, చేతిలో అగ్గిపెట్టె పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

"పాలు పోసొచ్చినావా అత్తా? ఇంగ పెట్టేదా దీపం?" అంది.