సుగుణ సిస్టర్, నా సున్నాల పుస్తకం

ఈ సంగతి నేను ఎప్పుడో రాసి ఉండాల్సింది. రాయలేదు, ఎందుకంటే నాకు రాయడం వచ్చేది కాదు. యాభై ఏళ్లు వచ్చేదాకా నా చేతికి తెలిసింది నా సంతకం ఒక్కటే. అది కూడా అక్షరాలుగా నేర్చుకున్నది కాదు. ముగ్గు నేర్చుకున్నట్టు, చెయ్యి ఎటు తిరగాలో చూసి నేర్చుకున్నది. రెండేళ్ల కిందట మద్రాసులో మా రాయపురంలోనే ఉండే ఒక రిటైరైన పంతులమ్మ దగ్గర అ ఆలు మొదలుపెట్టాను. ఇప్పుడు తెలుగు పేపరు చదువుతాను, నిదానంగా, వేలు పెట్టుకుని. మొన్న ఒక ఉదయం అలా చదువుతూ మంచినీళ్ల కోసం గాజు గ్లాసు ఎత్తాను. నీళ్ల వెనక అక్షరాలు లావుగా ఉబ్బి, అయినా తేటగా కనబడ్డాయి. వాటిని చదవగలిగాను. ఆ క్షణంలో సుగుణ సిస్టర్ గుర్తొచ్చి, గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

ఆమె పిల్లల ఆసుపత్రిలో నర్సు. చూలైలో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్ల ఇంటి మనిషి. పొట్టిగా ఉండేది, గొంతు మాత్రం వార్డు ఆ చివరిదాకా వినిపించేది. నా కూతురు దేవికి ఐదేళ్లప్పుడు ఒళ్లు వాచి ఆ ఆసుపత్రికి తీసుకెళ్లాను. మూత్రంలో ఒంటి సత్తువంతా పోతోందని, ఇది ఏళ్ల తరబడి పోతూ వస్తూ ఉండే జబ్బని చెప్పారు. సిస్టర్ నాతో మాట్లాడకముందే బిడ్డతో మాట్లాడింది. కాలి ఎముక మీద వేలితో నొక్కి, గుంట పడితే, "చూడు పాపా, నీ కాలు ఇడ్లీ పిండి మాదిరి ఉండాది" అంది. దేవి నవ్వింది. అప్పుడు అడిగింది, "నిన్న అమ్మ ఏం పెట్టింది కన్నా?"

"కరువాడు!" అని అరిచింది దేవి. ఎండుచేపను మా రేవులో అందరూ అలాగే అంటారు.

నేను గబుక్కున అడ్డుపడ్డాను. "ముందు చూపించిన డాక్టరు ఉప్పు తగ్గించమన్నారని అన్నంలో వెయ్యడమే లేదు సిస్టర్."

"అన్నంలో వెయ్యలేదు, సరి. ఆ చేపను దేంట్లో ఊరేసినారు? పంచదారలోనా?" అని, నా మొహం చూసి, నవ్వు ఆపుకుంది. "తప్పు నీది కాదులేమ్మా. ఉప్పు తగ్గించు అంటే ఉప్పు డబ్బా అనే అనుకుంటారు. మీ ఇంట్లో ఏముండాదో అడగాల్సింది మేము."

అంత తెలిసిన మనిషి కూడా నా విషయంలో ఒక్కటి అడగడం మర్చిపోయింది. వాపు తగ్గి ఇంటికి పంపే రోజు మా చుట్టూ నలుగురైదుగురు తల్లులు ఉన్నారు. సిస్టర్ ఒక గాజు గొట్టం, మందు సీసా, చిన్న నోటు పుస్తకం ఇచ్చింది. రోజూ పొద్దున బిడ్డ మొదటిసారి పోసిన మూత్రం గొట్టంలో పట్టి, మందు చుక్కలు వెయ్యాలి. గొట్టం వెనక పేపరు పెట్టి చూడాలి. అక్షరాలు చదవగలిగితే మంచిది, పుస్తకంలో సున్నా చుట్టాలి. మసకబారేకొద్దీ ఒక గీత, రెండు గీతలు, పెరుగులా విరిగిపోతే నాలుగు గీతలు. మూడు రోజులు వరసగా చిక్కగా వస్తే, వాపు కోసం చూడకుండా పరుగెత్తి రావాలి. మొదటి వరసలో తనే ఒక సున్నా చుట్టి చూపించింది. "అర్థమైందామ్మా?" అంది. తల ఊపాను. కాగితం చూపిస్తే సంతకం పెట్టాను. నా సంతకం గుండ్రంగా, అందంగా ఉంటుంది. సిస్టర్ నన్ను చదువుకున్నదాన్నే అనుకుని ఉంటుంది. పక్కన ఉన్న తల్లులందరూ చదువుకున్నవాళ్లలా కనబడ్డారు. వాళ్ల ముందు నోరు తెరవడానికి నాకు సిగ్గేసింది.

ఇంట్లో ఒక్క రోజు కూడా మానకుండా పరీక్ష చేశాను. అది నిజం. గొట్టం వెనక పేపరు పెట్టేదాన్ని. చదవడం ఎలాగూ రాదు కాబట్టి నాకు నేనే ఒక లెక్క పెట్టుకున్నాను. వెనక నల్లగా కనబడితే చాలు, బాగున్నట్టే. చదువు వచ్చినవాళ్లకు అక్షరం చెదిరితే తెలుస్తుంది. నాకు అవి ముందునుంచీ చెదిరిన అక్షరాలే. కొన్ని వారాలయ్యాక గొట్టంలో మసక మొదలైంది. మందు పాతబడి అలా వస్తోందేమో అనుకున్నాను. మసక వెనక నల్లదనం కనబడుతూనే ఉంది. సున్నా చుట్టాను. మరుసటి రోజూ చుట్టాను. పొద్దున్నే దేవి కళ్ల కింద ఉబ్బు కనబడితే, ఎక్కువ నిద్రపోయిందనుకున్నాను. ఒక రోజు జ్వరం వచ్చింది, కడుపు నొప్పి అని మెలికలు తిరిగింది. పొట్ట బిగుసుకుపోయి ఉంది. ఆటోలో ఒళ్లో వేసుకుని పోతుంటే బిడ్డ ఏడుపు కూడా ఆగిపోయింది. ఏడ్చినంతసేపూ ఉన్న ధైర్యం అప్పుడు పోయింది.

వార్డులో కుర్ర డాక్టరు పుస్తకం తిప్పి చూశాడు. పేజీ నిండా సున్నాలు. "నిజంగా రోజూ పరీక్ష చేశావా, లేక ఇక్కడికి వచ్చేముందు కూర్చుని గీశావా?" అని తమిళంలో అడిగాడు. జవాబు పక్కనే నిలబడ్డ మా అత్త చెప్పింది. "పుస్తకం నిండా సున్నాలేనంట! పెనం మీద దోసెలు పోసినట్టు పోసినావే" అంది, పక్క మంచాల వాళ్లకు కూడా వినబడేలా. ఎవరో నవ్వారు. సుగుణ సిస్టర్ నవ్వలేదు. బిడ్డకు సూది మందు ఎక్కించి, నీళ్లు ఎంత తాగుతోందో, ఎంత పోస్తోందో రాసుకుంటూ, రెండు రోజులు నన్ను గమనిస్తూనే ఉంది.

మూడో రోజు సాయంత్రం నన్ను మందుల గదిలోకి పిలిచింది. గొట్టం, సీసా, పేపరు బల్ల మీద పెట్టి ఉన్నాయి.

"ఇంట్లో ఎట్ట చేస్తావో అట్టే చెయ్యి. నేనేం చెప్పను. నువ్వే నాకు నేర్పిస్తా ఉండావనుకో" అంది.

చేశాను. చుక్కలు సరిగ్గానే వేశాను. గొట్టం ఊపాను. పేపరు ముందు పట్టుకున్నాను. గొట్టంలో తెల్లగా పొగలా ఉంది.

"ఏం కనబడతా ఉండాది?"

"నల్లగా కనబడుతోంది సిస్టర్."

"ఆ గొట్టం పక్కన పెట్టు. ఉత్త పేపరు చూడు. ఇప్పుడు ఏం కనబడతా ఉండాది?"

నేను ఆ కాగితం వైపు చాలాసేపు చూశాను. "ఇప్పుడు కూడా నల్లగానే" అన్నాను. ఆ మాట బయటికి వచ్చాక ఏడుపు ఆగలేదు. చదువు రాదని మా ఆయనకు తప్ప మరో మనిషికి చెప్పడం అదే మొదటిసారి.

ఆమె నన్ను ఓదార్చలేదు. దేవి కాగితాల కట్ట తెచ్చి, ఇంటికి పంపిన రోజు తను నింపిన పేజీ తీసింది. "ఈడ చూడు. తల్లికి చదువు వచ్చునా అని ఒక గడి ఉండాది. వచ్చు అని రాసినా. నిన్ను అడగలేదు. నీ సంతకం చూసి రాసేసినా." ఆ మాట మీద అడ్డంగా గీత గీసింది. పక్కన ఏదో రాసి తన సంతకం పెట్టింది. ఏం రాశారని అడిగాను. "తల్లి చెప్పింది చెప్పినట్టే చేసింది, నేర్పించిన మనిషిదే తప్పు, ఇంటి పుస్తకంలో పాత గుర్తులు నమ్మొద్దు అని రాసినా. పెద్ద డాక్టరు చదువుతాడు" అంది.

"మిమ్మల్ని తిడతారు కదా సిస్టర్?"

"తిట్టనీ. ఇన్నేళ్లుగా అందరినీ అర్థమైందా, అర్థమైందా అని అడగతా వచ్చినా. కాలేదని ఏ తల్లి చెప్తుంది? నువ్వు ఏడవబాక. మొహం కడుక్కో. పని ఉండాది మనకు."

ఆ సాయంత్రం ఆమె నాలుగు గొట్టాల్లో నీళ్లు పోసి, ఒకదానికంటే ఒకదాంట్లో ఎక్కువగా పాలచుక్కలు వేసింది. అట్టముక్క మీద సన్నగీత, లావుగీత, ఇంకా లావుగీత గీసింది. ఏ గీత మాయమైతే ఏ గుర్తు పెట్టాలో నా చేత పదిసార్లు చేయించింది. గొట్టాలు మార్చి మార్చి పెట్టి నన్ను మోసం చెయ్యాలని చూసింది. చివరి మూడుసార్లు నేను తప్పలేదు. వెళ్తూ వెళ్తూ అంది, "రేపు నాకు మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున నేనుండను. పరీక్ష నువ్వే చెయ్యాల. నీ కంటికి ఏది కనబడితే అదే పెట్టు, నా కోసం పెట్టబాక, డాక్టరు కోసం పెట్టబాక. నీ గుర్తు చూసే మందు ఎంతో తేలుస్తారు."

దేవికి ఆ జబ్బు ఇంకా తొమ్మిదేళ్లు వస్తూ పోతూ ఉండింది. ఎన్ని పుస్తకాలు నింపానో. మళ్లీ ఒక్కసారి కూడా వాపు వచ్చేదాకా ఆగలేదు, మూడో రోజు చిక్కదనానికే ఆసుపత్రిలో ఉండేదాన్ని. ఇప్పుడు దానికి ఇరవై ఏడు. మద్రాసులోనే మనలిలో ఉద్యోగం చేస్తోంది, నాకంటే గట్టిగా అరుస్తుంది. సిస్టర్ రిటైరయ్యాక చూలైలో వాళ్లింటికి అప్పుడప్పుడు వెళ్లేదాన్ని. ఆ గది సంగతి మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. నిరుడు ఆమె పోయింది. చివరిసారి వెళ్లినప్పుడు, అ ఆలు నేర్చుకుంటున్నానని చెబితే, "సరి, ఏదీ, రాయి చూస్తాను" అని కాగితం నా ముందు పెట్టింది. నమ్మక కాదు. ఆమెకు అది అలవాటు. ఆ అలవాటు నాకూ అంటుకుంది. పక్కింటి పిల్ల తన బిడ్డకు ఆయాసం మందు పీల్పించడం నేర్చుకుని వచ్చినా, నా కోడలు పొయ్యి మీద కొత్త కుక్కరు పెట్టినా, తెలిసిందా అని అడగను. చేసి చూపించమంటాను. విసుక్కుంటారు. అయినా అడుగుతాను. ఎవరైనా తల ఊపితే నాకు భయం వేస్తుంది.

మందుల గదిలో నేర్చుకున్న మరుసటి ఉదయం సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. దేవికి జ్వరం తగ్గింది, నొప్పి తగ్గింది, మొహం ఇంకా వాచే ఉంది. మా అత్త పొద్దున్నే వచ్చి మంచం పక్కన కూర్చుంది. "సూదులు పొడవడం తప్ప ఏం చేస్తా ఉండారీడ? ఈ పొద్దు కూడా సున్నా చుట్టు. బాగుందని పంపించేస్తారు. ఇంటికాడ నేను చూసుకుంటా నా మనవరాలిని" అంది. దేవి కూడా, "ఇంటికి పోదామా అమ్మా" అంది. నేను గొట్టం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను. చుక్కలు వేశాను. అట్టముక్క వెనక పెట్టాను. సన్నగీత లేదు. లావుగీత లేదు. ఇంకా లావుగీత కూడా లేదు.

నాలుగు గీతలు గీశాను.

కుర్ర డాక్టరు వచ్చి పుస్తకం చూశాడు. "నువ్వే చూశావా?" అన్నాడు. నేనే చూశానన్నాను. అంతటితో ఆగి ఉండొచ్చు. కాని ఆయన దగ్గర, తప్పు తనదేనని సిస్టర్ రాసిన కాగితం ఉంది. అందులో నా మాట లేదు. అత్త వింటుండగా, పక్క మంచాల తల్లులు వింటుండగా చెప్పాను. "సార్, నాకు చదువు రాదు. సిగ్గుపడి చెప్పలేదు. పాత సున్నాల్లో కొన్ని తప్పు. మసక ఏ రోజు మొదలైందో నాకు గుర్తుంది."

ఆయన పుస్తకం, పెన్ను నా చేతికిచ్చి, ఏవి తప్పో కొట్టెయ్యమన్నాడు. నేను మంచం మీద కూర్చుని, చివరి సున్నా నుంచి వెనక్కి పోయాను. బిడ్డ కళ్లు ఉబ్బిన రోజు. వల చిరిగిందని మా ఆయన ఇంట్లోనే ఉన్న రోజు. అమ్మవారి గుడిలో అంబలి పోసిన ఆదివారం. ఒక్కొక్క రోజునూ తలుచుకుంటూ, ఒక్కొక్క సున్నా మీద గీత కొట్టాను. పద్దెనిమిది కొట్టాను. పంతొమ్మిదో దాని దగ్గర పెన్ను ఆపాను. ఆ రోజు గొట్టంలో నీళ్లు తేటగా ఉన్నాయి. అది నిజమైన సున్నా. దాన్ని అలాగే ఉంచి, పుస్తకం డాక్టరుకు ఇచ్చేశాను.