ఎర్ర మఖ్మల్ సమానత్వం

ఆ రోజుల్లో పెద్దమనుషులు ఏం చెప్పినా నమ్మేసేదాన్ని. ఇరవై రెండేళ్ళు, కొత్తగా బీఎడ్, ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు ఉద్యోగం (ఉద్యోగమంటే పెద్దగా ఊహించుకోకండి, జీతం అడిగితే 'సేవాభావం ఉండాల మ్మా' అనేవారు). ఆ జనవరిలో కరస్పాండెంటు సారు పిలిచి, "రిపబ్లిక్ డే ఫంక్షనంతా నువ్వే సూసుకో మ్మా, బాగా జరిగితే పర్మనెంటు చేస్తా" అన్నాడు. కోసిగిలో ఉండే మా అమ్మ ఏటా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలసపోయేది. నా ఉద్యోగం నిలబడితే ఆమెను ఆ వలసబండి ఎక్కనివ్వకూడదని నా పంతం.

సారుకొక సిద్ధాంతం ఉండేది. మన రాజ్యాంగంలోని స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం మూడూ బైబిల్లోంచే వచ్చాయని ఆయన ఘోష. మేమూ క్రైస్తవులమే, మా అవ్వకు అక్షరాలు దిద్దించింది చర్చే, ఆ మేలు కాదనను. కానీ సారు వెళ్ళే చర్చిలో మాలాంటి దళితపేటల వాళ్ళు ఇప్పటికీ వెనక చాపల మీదే (సమానత్వం మొదటి రెండు బెంచీల దగ్గరే అలిసిపోయింది పాపం). ముఖ్య అతిథి ఆదోని జిన్నింగ్ మిల్లు సావుకారు. ఆయనదింకో పాట: అవన్నీ మన ఋషులు ఎప్పుడో చెప్పేసినవేనట! ఆయన మిల్లులో కూలీల చాయ్ గ్లాసులు మాత్రం వేరే.

పెళ్ళిళ్ళ సీజను కావడంతో షామియానా అతను పెళ్ళికొడుకులకు వేసే ఎర్ర మఖ్మల్ కుర్చీ ఒక్కటే పంపాడు, మిగతావన్నీ ప్లాస్టిక్‌వి. ఇక చూడండి. "ఫౌండరును నేను, అది నాకెయ్యండి" అని సారు. "బిల్డింగుకు చందా ఇచ్చినోన్ని, ప్లాస్టిక్ కుర్చీలో కూసుంటానా?" అని సావుకారు. సమానత్వాన్ని ఈ దేశానికి ఎవరిచ్చారో తేల్చాల్సిన ఇద్దరు మహానుభావులు కుర్చీకి చెరో పక్క నిలబడి అరగంట వాదించుకున్నారు. ఎండలో పిల్లలు సొమ్మసిల్లుతున్నారు.

ఈలోగా నన్ను చూద్దామని కోసిగి నుంచి వచ్చిన అమ్మ, స్టేజీ మీద నేను కనబడగానే పైకొచ్చి, ఖాళీగా ఉంది కదాని ఆ కుర్చీలో కూర్చుంది. "బస్సులో నిలబడి కాళ్ళు గుంజుతాండాయి మ్మా" అంది.

"ఎవరప్పా ఆయమ్మ? లేపండి ఫస్టు!" ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచారు. సౌభ్రాతృత్వమంటే ఏమిటో ఆ క్షణాన నా కళ్ళారా చూశాను. ఒళ్ళు మండిపోయింది. మైకు అందుకుని, "ఈమె మా అమ్మ. లేవదు. పెద్దలిద్దరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటే జెండా ఎగరేద్దాం" అన్నాను. పిల్లలు ఈలలు వేశారు.

సాయంత్రానికి ఉద్యోగం ఊడింది. పైవారం అమ్మ గుంటూరు బండెక్కింది. నేను ఏడుస్తుంటే ఆమె మాత్రం బండిలో అందరికీ, "మా పాప మైకులో నన్ను మా అమ్మ అనింది" అని చెప్పుకుంటూ పోయింది.

ఇప్పుడు నేను సర్కారు బడిలో హెడ్మిస్ట్రెస్‌ని. ప్రతి సభలోనూ 'వేదికనలంకరించిన పెద్దలకు' అంటూ వంగి వంగి దండాలు పెడుతుంటాను. అప్పుడప్పుడు ఆ పొగరుబోతు పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇవాళ ఆ పిల్ల నా కింద టీచరైతే మైకు ఇస్తానా? నిజం చెప్పనా, ఇవ్వను.