చోటే సాబ్ బిగించిన కిటికీలు

చోటే సాబ్‌ది అద్దాలు బిగించే పని. ఆదోనిలో పాత మసీదు కిటికీలు మొదలుకొని కొత్త పెళ్ళికూతురి బీరువా దాకా ఆయన చెయ్యి పడనిది తక్కువ. మనిషి కాస్త గర్విష్ఠి. తన పనికి ఎవరైనా వంక పెడితే రెండు రోజులు అన్నం సయించేది కాదు.

మా ఆఫీసు ఎమ్మిగనూరు రోడ్డులో ఉంది. పత్తి కొని అమ్మే కంపెనీ. యజమాని గోవిందన్న మేడ కట్టేటప్పుడు పడమటి వైపంతా రెండద్దాల కిటికీలు పెట్టించాడు. రెండద్దాల మధ్యకి గాలి చొరబడకుండా అంచులు మూసేసి బెంగళూరు నుంచి పంపారు. బిగించింది చోటే సాబ్. నిజం చెప్పొద్దూ, మొదట్లో వేసవులు హాయిగా గడిచాయి. ఏసీ తక్కువ తిరిగేది, కరెంటు బిల్లు చూసి గోవిందన్న మురిసిపోయేవాడు.

"నేను పోయినాక గూడా ఉంటాయప్పా ఇవి" అని చోటే సాబ్ నాతో అన్నాడు.

మన ఎండ సంగతి బెంగళూరు వాళ్ళకేం తెలుసు? ఏడో ఏటికి అంచుల జిగురు ఎండి విడిపోయింది. తేమ చేరి అద్దాలు మసకబారాయి. ఇటు తుడిచినా, అటు తుడిచినా పోదు. మసక ఉన్నది రెండింటి మధ్యన. అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్తవి వేయిస్తే ఇన్నేళ్ళ కరెంటు మిగులంతా దానికే పోతుందని గోవిందన్న తల పట్టుకున్నాడు. ఆ కోపంలో చోటే సాబ్ మీద నోరు పారేసుకున్నాడు.

"నువ్వు బిగించినవే కదా సాబూ, నువ్వే సూడు."

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. ఇవి బాగుచెయ్యకపోతే బజారులో తలెత్తుకోలేనని పట్టుబట్టాడు. ఒక కిటికీకి కింది మూలన సన్నటి రంధ్రం వేశాడు. ఎండకు తేమ బయటికి పోయి అద్దం తేటపడింది. ఆఫీసంతా మెచ్చుకుంది, నేను కూడా. ఆ హుషారులో అన్ని కిటికీలకూ రంధ్రాలు వేసేశాడు.

పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లులు ఆడే రోజుల్లో ఆదోని గాలి నిండా పత్తి నూగే. ఆ చలికాలం నూగు రంధ్రాల్లోంచి దూరింది, దాని వెనకే దుమ్ము. వేసవి వచ్చేసరికి అద్దాల మధ్య బూజు కట్టినట్టయింది. వేడీ ఆగడం లేదు. కడుగుదామని విప్పితే మళ్ళీ అతుక్కోవు. చోటే సాబ్ రోజూ వచ్చేవాడు. సైకిలు పంపుతో ఆ రంధ్రాల్లోకి గాలి కొట్టేవాడు. లోపలి దుమ్ము కాస్త లేచి, మళ్ళీ అక్కడే పడేది. చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

చివరికి గోవిందన్న మేస్త్రీని పిలిచి, కిటికీలన్నీ పీకేసి ఇటుకలతో మూసెయ్యమన్నాడు.

"ఒక్కటన్నా ఉండనీ అన్నా. కూలి వద్దు, బాగు సేసిస్తా" అని చోటే సాబ్ బతిమాలాడు.

"సాలు సాబూ. నీ బాగు సూసినాం కదా."

అసలు తప్పు ఎండదీ జిగురుదీ అని గోవిందన్నకు తెలియదా? బాగా తెలుసు. ఎండను తిడితే ఏమొస్తుంది, తిట్టడానికి మనిషి దొరికాడు. నాకు ఒళ్ళు మండింది కానీ తల వంచుకుని నా పని చూసుకున్నాను.

ఇప్పుడు పట్టపగలే ట్యూబులైట్ల కింద పనిచేస్తున్నాం. మొన్న మా ఇంట్లో దేవుడి పటం కిందపడి అద్దం పగిలితే చోటే సాబ్‌ని వెతుక్కుంటూ పోయాను. తన కొడుకు తన్వీర్ నడిపే చెప్పుల అంగట్లో ఒక మూల కూర్చుని ఉన్నాడాయన. పటం చేతికిచ్చాను. దానివైపు చూడకుండానే తిరిగిచ్చేశాడు.

"ఏం సాబూ, చిన్న పనే కదా?"

"ఇంగెవరినన్నా అడుగుపో అప్పా. నాకు అద్దాల పని రాదు."