బజారు నుంచి గుట్టకా, గుట్ట నుంచి బజారుకా

మా పెద్దమ్మ నీళ్ల సరఫరా ఆఫీసులో ఇరవయ్యేళ్లుగా గీతలు గీస్తోంది. ఆరు పంపుహౌసుల్లో ఐదేసి నిమిషాలకి రాసిన ఒత్తిడి రీడింగులు ఆమె బల్లమీదికి వస్తాయి. ఒక్కో పంపుహౌసుకి ఒక్కో రంగు గీత. ఒక గీత కుంగిన కాసేపటికి ఇంకోటి కుంగితే, మొదటిదాని నుంచి రెండోదానికి బాణం వేస్తుంది. ఎవరి కష్టం ఎవరికి చేరిందో ఆ బాణమే చెబుతుంది. కంప్యూటర్ ఉన్నా, ఇంజనీరు ఆమె కాగితాన్నే నమ్ముతాడు.

ఆ రోజు బజారు గీత పదిన్నరకి కుంగింది. గుట్టమీది గీత పది నలభైకి. పెద్దమ్మ బజారు నుంచి గుట్టకి బాణం వేసింది. అంటే పైపు పగిలింది బజారులోనే. మర్నాడు బజారు వీధి తవ్వాలని, మూడు రోజులు నీళ్లు ఆపాలని ఉత్తర్వు తయారైంది. ఆ వీధిలోనే ప్రసూతి ఆసుపత్రి ఉంది.

పెద్దమ్మకి కాలు నిలవలేదు. టీ చల్లారిపోయింది. కిటికీ దాకా వెళ్లడం, మళ్లీ కాగితం దగ్గరికి రావడం. మధ్యాహ్నం రెండింటికి, ఆరు పంపుహౌసులకీ నీళ్లు తోసే పెద్ద మోటారు ఆపితే ఐదు గీతలూ ఒక్కసారే పడిపోయాయి. గుట్ట గీత మాత్రం మరో ఇరవై నిమిషాలు దర్జాగా నిలబడింది. మోటారు లేకుండా ఎలా?

గుట్ట ఆపరేటర్‌కి ఫోన్ చేసింది.

"తమ్ముడూ, నీ గడియారంలో టైమెంత?"

"నాలుగూ ఇరవై అక్కా."

ఆమె చేతి గడియారంలో నాలుగే.

"బస్సు తప్పిపోకుండా నెల కిందట ముందుకి జరిపాం. ఏం, కొంపలంటుకున్నాయా?"

"రీడింగులూ దాన్ని చూసే రాస్తున్నావా?"

"మరి సూర్యుణ్ణి చూసి రాయమంటావా?"

పదీ నలభైలోంచి ఇరవై నిమిషాలు తీస్తే పదీ ఇరవై. ముందు కుంగింది గుట్టే.

పెద్దమ్మ ఇంజనీరు గదిలోకి దాదాపు పరిగెత్తింది.

"బాణం తిరగేసి గీశానండీ. గుట్ట గడియారం ఇరవై నిమిషాలు ముందుందని కనుక్కోకపోవడం నా తప్పే."

"ఇప్పుడీ బాణం మాత్రం నిజమని ఏంటమ్మా నమ్మకం?"

"గుట్టమీదే తవ్వండి. తప్పితే నా బల్ల ఇంకొకళ్లకి ఇచ్చెయ్యండి."

ఆయన ఉత్తర్వులో బజారు వీధి పేరు కొట్టేసి, గుట్ట అని రాశాడు.

మర్నాడు గుంత పక్కనే నిలబడి చెప్పులు పాడుచేసుకుంది. నడుం లోతు దాకా పొడి మట్టే. మేస్త్రీ ఆమెకేసి జాలిగా చూశాడు. ఇంకో మూర దిగాక పలుగు కింద బురద చిమ్మింది.

"దొరికిందమ్మా!" అని మేస్త్రీ కేకేసి తిరిగి చూసేసరికి, పెద్దమ్మ సగం గుట్ట దిగిపోయింది. నెలరోజుల కాగితాల్లో గుట్ట తాకిన బాణాలన్నీ మళ్లీ చూడాలట.