సిద్ధమ్మ పాఠాల్లో మామా గొంతు

కువైట్‌లోని జహ్రాలో సిద్ధమ్మ పాఠాలు వినని తెలుగు పనిమనిషి ఉంటే చూపించండి చూద్దాం! అన్నమయ్య జిల్లా నుంచి వచ్చి పద్నాలుగేళ్లుగా ఒకే కువైటీ ఇంట్లో వంట చేస్తోంది. బడి గడప తొక్కని మనిషి. అయితేనేం, కొత్తగా వచ్చి, మామా, అంటే ఇంటి యజమానురాలు, ఏమడుగుతోందో తెలియక బిక్కచచ్చిపోయే ఆడవాళ్ల కోసం వంటింటి అరబ్బీని తెలుగులో విడమరచి, ఫోన్‌లో నలభై పాఠాలు చెప్పింది. ఖైతాన్‌లో ఫోన్లు బాగుచేసే సత్యప్రసాద్ వాటిని యూట్యూబ్‌లో పెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్మకూడదు అని కింద రాశాడు.

అయినా ఊరివైపు ట్రైనింగ్ సెంటరొకటి వాటిని అమ్మేసింది. అక్కడితో ఆగిందా? ఆ పాఠాలు తమవేననీ, సిద్ధమ్మే దొంగిలించిందనీ యూట్యూబ్‌కు ఫిర్యాదు కూడా పెట్టింది! ఎంత బరితెగింపు! వారంలో జవాబివ్వకపోతే పాఠాలన్నీ తీసేస్తారు.

సత్యప్రసాద్ జవాబు ఫారం చదువుతూ ఒక ప్రశ్న దగ్గర ఆగాడు. పాఠాల్లో ఇంకెవరి గొంతైనా ఉందా? ఉంటే వారి అనుమతి ఉందా?

ఉందంది సిద్ధమ్మ. అరబ్బీ పలుకు సరిగ్గా వినపడాలని, మామా వంటింట్లో అన్న మాటల్నే చాటుగా రికార్డు చేసి పాఠాల్లో పెట్టింది మరి.

"లేదని కొట్టేద్దామండీ. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు సత్యప్రసాద్.

"అడక్కుండా తీసుకున్యారనే కదా సామీ నా ఏడుపు? నేను మాత్రం మామాను అడిగినానా? అడగల్ల. పంపించేస్తే పోతా."

ఇంటి మాటలు బయటపెట్టిన మనిషిని ఎవరుంచుకుంటారు? ఇఖామా, అదే అక్కడ ఉండనిచ్చే కాగితం, ఖలాస్. అది తెలియక కాదు. అయినా మర్నాడు పొద్దున టీ ఇచ్చి, ఫోను ముందు పెట్టి, వచ్చిన అరబ్బీలో ఉన్నదంతా చెప్పేసింది.

మామా ఒక పాఠం విన్నది. తన గొంతే ఉప్పెక్కువైందని కసురుతోంది. వెనకే సిద్ధమ్మ తెలుగులో ఏదో చెబుతోంది.

"ఇక్కడ ఏమన్నావు?"

"మామా గట్టిగా అన్నా బయపడొద్దు, ఉప్పు తగ్గించమంటాంది, అంతే... అన్న్యా మామా."

మామా ఫోను పక్కన పెట్టింది.

"నన్నడక్కుండా తీసుకున్నావు."

"తప్పే మామా."

"అమ్ముతున్నవాళ్లు అడిగారా?"

"ల్యా మామా."

మామా కాగితం తెమ్మని, తన చేత్తోనే రాసింది: ఈ గొంతు నాది. సిద్ధమ్మకు అనుమతి ఇస్తున్నాను. అమ్మేవాళ్లకు ఇవ్వలేదు.

సత్యప్రసాద్ ఆ కాగితాన్ని జవాబుతో పాటు పంపాడు. ట్రైనింగ్ సెంటరువాళ్లు ఆ గొంతు ఎవరిదో కూడా చెప్పలేకపోయారు పాపం! పాఠాలు నిలబడ్డాయి. తన కొలువు పోయినా సరే అబద్ధం రాయనన్న ఆ మనిషికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

ఆ శుక్రవారం మామా తనంతట తనే వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

"ఆ ఉప్పు పాఠం తీసెయ్. మళ్లీ చేద్దాం," అంది. "ఈసారి మెల్లగా చెబుతాను."